బూడిదలో పుట్టిన పొంగు

పాల్వంచలో తొలకరి వానలు పడ్డాయంటే బజారులో నేరేడు పళ్ల గంపలు దిగుతాయి. పోయినేడు ఆ నిగనిగలు చూసి నాకో ఆశ పుట్టింది. అరటిపండు బ్రెడ్ ఎలాగూ చేస్తూనే ఉంటాను, అదే పిండిలో నేరేడు గుజ్జు కలిపితే ఊదారంగులో ఎంత బాగుంటుందోనని. గింజలు తీసి గుజ్జు మెదిపాను. గోధుమపిండి, మాగిన అరటిపళ్లు, బెల్లం కలిపాను. బాగా పొంగాలని తినే సోడా నిండు చెంచా వేశాను.

రెండు నిమిషాల్లో ఊదా పోయింది. పిండి బూడిదరంగు కలిసిన నీలమైంది. కాల్చి కోస్తే లోపల పాచి పట్టినట్టు ఆకుపచ్చ మచ్చలు. నోట్లో పెడితే సబ్బు రుచి.

పక్కింటి పిన్ని ఇరవై ఏళ్లు మిర్చి బండి నడిపిన మనిషి. ముక్క వాసన చూసి, "సోడా ఎక్కువైంది బిడ్డా. కాస్త పసుపు చల్లి చూడు, ఎర్రబడుద్ది" అంది. చల్లాను. తడి ముక్క మీద పసుపు పడ్డచోటల్లా ఎర్రటి చుక్కలు తేలాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందే, అదే ఎరుపు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, నేరేడు ఊదా నీలానికీ ఆకుపచ్చకీ తిరుగుతుంది. రెండు రంగులూ నాకు చెప్పింది ఒక్కటే: వేసిన సోడాకు సరిపడా పులుపు లేదు, మిగిలిన క్షారం బ్రెడ్‌లోనే ఉండిపోయింది.

అసలు ఈ తెల్లపొడి మన వంటింట్లోకి ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తూ వెనక్కి వెళ్తే, చివరికి బూడిద కుప్ప దగ్గర తేలాను.

బూడిద పాల్వంచకు కొత్త కాదు. 1966లో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఇక్కడ మొదలైంది. అప్పటి నుంచి బొగ్గు బూడిద మా డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతూనే ఉంది. పాత కేంద్రం మూతపడింది. దాని కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేల్చి కూల్చారు. అయితే మన కథలోని బూడిద అది కాదు. బొగ్గు బూడిదలో ఎక్కువగా ఉండేవి సిలికా, అల్యూమినా. కట్టెల బూడిద వేరు. చెట్టు నేలలోంచి పీల్చుకున్న పొటాషియం, కట్టె కాలాక క్షారంగా బూడిదలో మిగులుతుంది. నీళ్లు పోస్తే ఆ నీళ్లలోకి దిగుతుంది. వేళ్లకు జారుడుగా తగిలేది అదే.

మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెల్ని పొయ్యిలోని బూడిదతో, రసం తీసేసిన చింతపండు పిప్పితో తోమేది. బూడిదది క్షారం, చింతపండుది పులుపు. బేకింగ్ పౌడర్‌లో ఉండే రెండు సగాలూ మన పెరట్లో గిన్నెలు తోమే చోట పక్కపక్కనే ఉన్నాయి! గిన్నెల మసి వదిలించడానికి వాడుకున్నాం, పిండిలో కలపాలన్న ఆలోచన మనకు రాలేదు. క్షారం వంటల్లో మాత్రం మన దేశానికి పాత చుట్టమే. అస్సాంలో అరటి తొక్కల్ని ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదను నీళ్లలో వడగట్టి 'ఖార్' అని కూరల్లో పోస్తారు. మన అప్పడాల పిండిలోనూ కారం అని వేసేది క్షారమే.

పిండిలో కలపాలన్న ఆలోచన 18వ శతాబ్దంలో అమెరికాలో వచ్చింది. కట్టెల బూడిద నీళ్లను మరగబెట్టి ఇగిర్చి, తెల్లగా అయ్యేదాకా కాల్చితే వచ్చేదాన్ని వాళ్లు పెర్ల్ ఆష్ అన్నారు, ముత్యంలా మెరుస్తుందని. 1790 జులై 31న అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయన పేర ఉంది. దేనికంటే, ఈ బూడిద క్షారాన్ని మెరుగ్గా తయారు చేసే పద్ధతికి. 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో పెర్ల్ ఆష్ వేసి పొంగించే రొట్టెలున్నాయి. ఈస్టు వేసి గంటల తరబడి పిండి పులియబెట్టే పని తప్పింది. 'క్విక్ బ్రెడ్' అనే మాటలోని 'క్విక్' వెనక ఉన్నది ఈ వెసులుబాటే.

కానీ బూడిద కావాలంటే అడవి నరకాలి. అడవి తరిగిపోయిన ఐరోపాకు ఇంకో దారి కావాల్సి వచ్చింది. 1791లో ఫ్రాన్సులో నికోలా లెబ్లాంక్ సముద్రపు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. విప్లవ ప్రభుత్వం ఆయన ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంది. ఆయనకు దక్కింది పేదరికం. 1861లో బెల్జియం వాడు ఎర్నెస్ట్ సాల్వే ఉప్పునీళ్లు, అమ్మోనియా, సున్నపురాయితో అంతకంటే శుభ్రమైన దారి కనిపెట్టాడు. అందులో మధ్యలో అడుగుకు దిగే తెల్లటి మడ్డే సోడియం బైకార్బనేట్, అంటే మన తినే సోడా. 1939లో టాటా కెమికల్స్ గుజరాత్ సముద్రతీరాన మిఠాపూర్‌లో మొదలైంది. గుజరాతీలో 'మీఠు' అంటే ఉప్పు. ఉప్పు ఊళ్లోనే సోడా పుట్టడం సహజమే.

క్షారం దొరికింది సరే, పులుపు సంగతో? సోడా వేసిన గృహిణులు పులిసిన మజ్జిగ కలిపేవాళ్లు. మజ్జిగ పులుపు రోజుకో రకంగా ఉంటుంది. ఒకనాడు రొట్టె పొంగేది, ఒకనాడు సబ్బు రుచి వచ్చేది, నాకు వచ్చినట్టే. ఈ చిక్కు విప్పినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు చెందిన మందుల తయారీదారు ఆల్‌ఫ్రెడ్ బర్డ్ గురించి. ఆయన భార్య ఎలిజబెత్‌కు ఈస్టు పడదు, గుడ్లూ పడవు. ఆవిడ తినగలిగే రొట్టె కోసం 1843లో ఆయన సోడానూ పొడి పులుపునూ కలిపి ఒక పొడి చేశాడు. తడి తగిలేదాకా రెండూ ఊరికే ఉంటాయి. పిండిలో నీళ్లు పడగానే ఒకదాన్నొకటి పట్టుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. తేమకు ముందే కలహించుకోకుండా మధ్యలో కాస్త పిండి పదార్థం కాపలా. వ్యాపారం కోసం కాదు, ఇల్లాలి ఆరోగ్యం కోసం పుట్టిన పొడి ఇది. ఈ సంగతి తెలిశాక బేకింగ్ పౌడర్ డబ్బా మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ రోజుల్లో పొడి పులుపు అంటే ద్రాక్షసారా పీపాల అడుగున గడ్డకట్టే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్ష పండని దేశాలకు అది ఖరీదు. మన చింతపండు పులుపు కూడా ముఖ్యంగా ఆ టార్టారిక్ ఆమ్లానిదే. భద్రాచలం ఏజెన్సీలో చెట్ల కింద ఏరి తెచ్చే చింతపండులో బర్డ్‌గారి పొడికి కావాల్సిన సరుకు పుష్కలంగా ఉంది. నమ్మకం లేకపోతే గ్లాసులో చిక్కటి చింతపండు రసం రెండు చెంచాలు పోసి చిటికెడు తినే సోడా వేసి చూడండి. గోధుమరంగు నురగ గ్లాసులో పైకి ఎగబాకుతుంది.

అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫోర్డ్ మరో మెట్టు ఎక్కాడు. జర్మనీలో రసాయనశాస్త్రవేత్త లీబిగ్ దగ్గర చదువుకున్నవాడు. తెల్లగా జల్లించిన పిండిలో తవుడుతో పాటు ఫాస్ఫేట్లు పోతున్నాయని ఆయన బెంగ. అందుకని పులుపు స్థానంలో కాల్షియం ఫాస్ఫేట్ పెట్టి 1856లో పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో దాన్ని ఎముకల నుంచి తీసేవారు, తర్వాత గనుల్లోని ఫాస్ఫేట్ రాయి నుంచి. రొట్టె పొంగాలి, పోయిన పోషకమూ తిరిగి రావాలి అన్నది ఆయన లెక్క. ఆ తర్వాత కంపెనీల పోట్లాటలు వచ్చాయి. పటిక జాతి లవణం వేసే చౌక పౌడర్ విషమని ఖరీదు పౌడర్ వాళ్లు ప్రచారం చేశారు. 1899లో మిస్సోరి రాష్ట్రం పటిక పౌడర్‌ను నిషేధించింది కూడా. ఆ చట్టం వెనక లంచాలున్నాయని తర్వాత తేలింది.

ఇంత చరిత్ర ఉన్న పొడి చివరికి మైదాకు, పంచదారకు, డాల్డాకు సేవకురాలైంది. మన బేకరీ అద్దాల వెనక కనిపించేవాటిలో చాలామటుకు అవే. పొడి తప్పు కాదిది. దాని అసలు బలాన్ని మనం వాడుకోవడం లేదు.

ఆ బలమేమిటో చెప్తాను. ఈస్టు మెల్లగా గాలి ఊదుతుంది. అది బయటికి పోకుండా గంటల పాటు పట్టి ఉంచడానికి సాగే వల ఒకటి కావాలి. గోధుమలోని గ్లూటెన్ ఆ వల. గ్లూటెన్ లేని జొన్న, రాగి ఈస్టు రొట్టెకు ఒదగవు. తవుడున్న గోధుమపిండి కూడా మైదాలా పొంగదు, తవుడు ముక్కలు ఆ వలను కోసేస్తాయి. సోడా పని వేరు. గాలి నిమిషాల్లో పుడుతుంది, వేడికి పిండి అంతలోనే గట్టిపడి బుడగల్ని ఎక్కడివక్కడ బంధిస్తుంది. సాగే వల మీద అంతగా ఆధారపడదు. మైదాను పక్కనపెట్టి మన గిర్నీలో పట్టించిన గోధుమపిండిని, జొన్నపిండిని బ్రెడ్ చేసుకునే దారి ఇదొక్కటే అని నా అనుభవం. 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో భద్రాచలం ఆడవాళ్ల చిరుధాన్యాల బిస్కెట్లను మెచ్చుకున్నారు. 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో వాళ్లు చేస్తున్నవి. కూలికి వెళ్లిన చేతులు జొన్నల్ని, రాగుల్ని పొయ్యెక్కించాయి. ఇంట్లో మనం ఒక రొట్టె చేసుకోలేమా?

నేను చేసే తీరు ఇది. గోధుమపిండి కప్పున్నర, జొన్నపిండి అరకప్పు. తొక్క నల్లబడ్డ అరటిపళ్లు మూడు. పచ్చి అరటిలో ఉన్న పిండి పదార్థం చాలామటుకు మాగే కొద్దీ చక్కెరలుగా మారుతుంది, కాబట్టి నల్లమచ్చల పండుకి బెల్లం పావుకప్పు చాలు. పుల్లటి పెరుగు అరకప్పు, నూనె నాలుగు పెద్ద చెంచాలు, గుడ్డు ఒకటి. గుడ్డు తిననివాళ్లు ఇంకాస్త పెరుగు వేసుకోవచ్చు. తినే సోడా అర చిన్న చెంచా, గీత గీసినట్టు చదును చేసి. పిడికెడు జీడిపప్పు పలుకులో, వేయించిన వేరుశనగలో.

ఆ అరచెంచా దగ్గరే అసలు కిటుకంతా ఉంది. పులుపు తగినంత ఉంటే అరచెంచా సోడా నుంచి అర లీటరు పైనే వాయువు వస్తుంది. పులుపు లేకుండా వేడి ఒక్కటే తగిలితే వచ్చేది అందులో సగం. పైగా చాకిరేవు సోడా, అంటే సోడియం కార్బనేట్ లోపల మిగులుతుంది. సబ్బు రుచి దానిదే. బాగా పొంగాలని నేను వేసిన నిండు చెంచా చేసింది ఇదే. సోడియం లెక్క కూడా చూసుకోవాలి. రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అరచెంచా సోడాలో దాదాపు 600 ఉంటుంది. రొట్టెను పది ముక్కలు చేస్తే ముక్కకు 60, భయం లేదు. నిండు చెంచా వేస్తే అది రెట్టింపు.

పొడి పిండ్లు విడిగా, తడివి విడిగా కలిపి, చివర్న రెండిటినీ ఒకటి చేసి గరిటెతో పది పన్నెండు సార్లు తిప్పితే చాలు. చపాతీ పిండిలా మర్దించవద్దు, రొట్టె రబ్బరవుతుంది. కలిపాక ఫోను మాట్లాడుతూ కూర్చోకూడదు, పుట్టిన గాలి వెళ్లిపోతుంది. ఓవెన్ ఉంటే 175 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు. లేకపోతే పాత కుక్కర్ ఉందిగా. అడుగున రెండంగుళాలు ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతకు రబ్బరూ విజిలూ తీసేసి పది నిమిషాలు వేడెక్కించి, పిండి పోసిన గిన్నెను లోపల పెట్టి, సన్న మంట మీద ముప్పావు గంట. మొదటి అరగంట మూత తీయకండి. బుడగలు ఇంకా గట్టిపడవు, చల్లగాలి తగిలితే మధ్యలో గుంట పడుతుంది. పుల్ల గుచ్చి చూస్తే పొడిగా రావాలి.

ఇది మందు కాదన్న సంగతి కూడా చెప్పాలి. బెల్లం కూడా చక్కెరే. పండులోని తీపి కూడా తీపే. షుగరున్నవాళ్లు ఒక పలచటి ముక్కతో ఆగాలి. మైదా కేకుతో పోలిస్తే ఇందులో పీచుంది, పంచదార లేదు, ఏం వేశామో మనకు తెలుసు. ఆ తేడా చిన్నదేం కాదు.

ఈ ఏడు నేరేడు పళ్లొచ్చినప్పుడు మళ్లీ చేశాను. ఈసారి సోడా మానేసి, క్షారం పులుపు సమానంగా ఉన్న బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు వేశాను. పెరుగు అలాగే ఉంచాను. రంగు నిలిచింది, ముదురు ఊదాగా. పిన్ని రెండో ముక్క అడిగి తీసుకుంది.

మీరు మొదలుపెట్టే ముందు అల్మారాలోని బేకింగ్ పౌడర్ డబ్బాను ఒకసారి చూడండి. మన వానాకాలపు తేమకు అది తొందరగా చచ్చిపోతుంది. అరచెంచా పొడి మీద వేడినీళ్లు పోయండి. బుసబుసా పొంగితే పిండి కలపండి. ఊరికే తెల్లనీళ్లలా ఉండిపోతే పారేసి కొత్తది తెచ్చుకోండి.