సొంత చెమటే పడనప్పుడు

ఎండలు ముదిరాక ఎగ్జిమా ఉన్నవాళ్లు కొందరు ఒక మాట అంటుంటారు: "నా చెమటే నాకు పడదు." మోచేతి మడతల్లో, మెడ చుట్టూ చెమట చేరిందంటే చాలు, దురద మొదలు. విన్నవాళ్లు ఉప్పు మంటేమో అనుకుని ఊరుకుంటారు. జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు మాత్రం ఊరుకోలేదు. చెమటలో ఏది పడటం లేదో ఏళ్ల తరబడి వెతికారు. 2013లో జవాబు దొరికింది. కొందరి రక్తకణాల చేత హిస్టమిన్ కక్కించి దురద పుట్టిస్తున్న ఆ ప్రోటీన్ చెమట గ్రంథులది కాదు. అసలు మనిషిదే కాదు. చర్మం మీద కాపురముండే మలసీజియా గ్లోబోసా అనే ఈస్టుది. చెమట దాన్ని మోసుకొచ్చింది, అంతే.

బేకరీలో పిండిని పొంగించే ఈస్టుకు ఇది దూరపు చుట్టం. 1874లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ షార్ల్ మలసే చుండ్రు పొట్టులో దీన్ని చూసి వివరించాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. 2007లో దీని జన్యువులన్నీ చదివినప్పుడు ఒక తమాషా బయటపడింది: కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే జన్యువే దీనికి లేదు. వండుకోవడం రాదు కాబట్టి మన చర్మం మీద ఊరే నూనె తిని బతుకుతుంది. అందుకే తల, ముఖం, మెడ, ఛాతీ, వీపు దీని అడ్డాలు. చుండ్రులోనూ, శోభి మచ్చల్లోనూ దీని చెయ్యి ఉంది. కుక్కల చెవుల్లో చేరే దీని సోదర జాతిని 1925లో తొలిసారి వర్ణించింది మాత్రం ఓ భారతీయ ఖడ్గమృగం చర్మం నుంచి!

అందరి ఒంటి మీదా ఉండే ఈ జీవికి ఎగ్జిమా ఉన్నవాళ్లతోనే తగువెందుకు?

గోడ బీటలు వారడం ఒక కారణం. చర్మం పైపొరను బిగించి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపముంటే ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని 2006లో తేలింది. బీటల్లోంచి ఈస్టు ముక్కలు లోపలికి దిగితే రోగనిరోధక కణాలు వాటిని శత్రువుగా రాసుకుంటాయి, ఐజీఈ అనే యాంటీబాడీలు తయారవుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆరోగ్యమైన చర్మం కాస్త ఆమ్లంగా ఉంటుంది. ఎగ్జిమా చర్మంలో ఆ పులుపు తగ్గుతుంది. అంత తక్కువ ఆమ్లంలో పెంచి చూస్తే, మలసీజియా అలర్జీ ప్రోటీన్లను మరింత ఎక్కువగా వదులుతుందని స్వీడన్ పరిశోధకులు గమనించారు.

అన్నిటికన్నా విచిత్రం పోలికల గొడవ. ఈ ఈస్టులో మాంగనీస్ సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ ఉంది. పేరు నోరు తిరగదు గానీ, ఆక్సిజన్ చేసే నష్టం నుంచి కణాన్ని కాపాడటం దాని పని. మన కణాల్లోనూ అదే ఎంజైమ్, దాదాపు అదే రూపంలో ఉంటుంది. ఈస్టు మీదికి తయారైన యాంటీబాడీలు కొందరిలో మన ఎంజైమ్‌నూ పట్టుకుంటాయి. ఎగ్జిమా ఏళ్లకేళ్లు వదలకపోవడానికి ఇదొక కారణం కావచ్చని పరిశోధకుల అనుమానం.

అలాగని రక్షణ స్పందనంతా పొరపాటేమీ కాదు. జ్యూరిక్‌లో ఎలుకల మీద జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో ఈస్టును అదుపులో ఉంచింది ఇంటర్‌ల్యూకిన్-17 అనే సంకేతమే. చర్మం దెబ్బతిన్న ఎలుకల్లో మంటను పెంచిందీ ఆ స్పందనే.

మరి ఈస్టును చంపేస్తే సరిపోదా? ప్రయత్నించారు. ఫంగస్ మందుల పరీక్షల్లో ఫలితాలు ఒక్కలా రాలేదు. ముఖం, మెడ మీద ఎగ్జిమా ఉండి, మలసీజియా మీద ఐజీఈ ఎక్కువున్న పెద్దవాళ్లలో కొందరికి గుణమిచ్చింది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన డూపిలుమాబ్ ఇంజెక్షన్‌తో ఒళ్లంతా తేటపడినా ముఖం మాత్రం ఎర్రబడే రోగులున్నారు. అక్కడా కొందరి విషయంలో వైద్యుల వేలు ఈ ఈస్టు వైపే చూపిస్తోంది. పైగా ఇది పూర్తిగా చెడ్డదీ కాదు: ఎగ్జిమాను ముదరబెట్టే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా కట్టుకునే జిగురు పొరను దీని ఎంజైమ్ ఒకటి కోసేస్తుందని ప్రయోగశాలలో చూశారు.

మన దగ్గర ఇంకో గందరగోళం మాటతోనే మొదలవుతుంది. గుండ్రటి ఫంగస్ మచ్చనూ 'తామర' అంటారు, ఎగ్జిమానూ 'తామర' అంటారు. మందుల షాపులో చేతికొచ్చే చాలా క్రీముల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు కలిసే ఉంటాయి. ఫంగస్ తామర మీద స్టెరాయిడ్ పడితే దురద తగ్గినట్టే అనిపిస్తుంది, మచ్చ మాత్రం లోలోపల విస్తరిస్తుంది.

చెమట సంగతికొస్తే, జపాన్‌లో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ఓ చిన్న ప్రయోగం చేశారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకు బడివేళల్లోనే షవర్ స్నానం చేయించారు. మందు కాదు, మాత్ర కాదు, నీళ్లే. పిల్లల ఒంటి మీద ఎగ్జిమా తగ్గుముఖం పట్టింది.