తలుపేసుకున్నారా? కాష్మోరా వస్తోంది!

మొన్న రాత్రి లింగంపల్లి స్టేషన్లో ఎమ్మెమ్టీఎస్ కోసం నిలబడ్డాను. పక్కనే ఓ కుర్రాడు సెల్‌ఫోన్లో దెయ్యం సినిమా చూస్తూ తాపీగా సమోసా తింటున్నాడు. దెయ్యానికి ఎంత అవమానం!

మేం అలా కాదండీ. 1990లలో మా వీధి అద్దె పుస్తకాల షాపులో అట్ట ఊడిన ‘తులసిదళం’ ఉండేది. అక్క తెచ్చుకున్న ఆ నవలని దొంగతనంగా చదివిన రాత్రి, దాహమేసినా మంచం దిగలేదు నేను!

యండమూరి వీరేంద్రనాథ్ చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. పద్దులు చూడాల్సిన చేత్తోనే 1980ల మొదట్లో ఆంధ్రభూమి వీక్లీలో ఈ సీరియల్ రాశారు. తులసి అనే పసిపిల్ల మీద చేతబడి. ఓ పక్క మంత్రగాళ్ళు, ఇంకో పక్క డాక్టర్లు. పిల్ల ఏమైందో తెలియాలంటే వచ్చే వారం దాకా ఆగాలి. ఆ ఆగడంలోనే ఉంది అసలు భయం!

దీని తరువాయి నవల ‘తులసి’ 1986లో ‘కాష్మోరా’గా తెరకెక్కింది. రాజేంద్రప్రసాద్, భానుప్రియ, రాజశేఖర్ నటించారు. నాకైతే పుస్తకంలో కాష్మోరాయే గుండెలదరగొట్టింది. కళ్ళముందుకి తెచ్చి నిలబెట్టేస్తే ఇంకేం మిగుల్తుంది? ఆ కిటుకు రామ్‌గోపాల్ వర్మకి తెలుసు. 1992లో వచ్చిన ‘రాత్రి’ మొదట్లో, బస్సు దిగిన రేవతికి మనిషన్నవాడు కనిపించడు. అంతే! ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, ఇంతసేపూ దాటేస్తున్న సంగతి చెప్పేస్తాను. మా వీధి చివర ఓ ముసలమ్మ ఒంటరిగా ఉండేది. పిల్లల్ని పిలిచి జామకాయలిచ్చేది. ఓ రోజు ఆమె వాకిట్లో నిమ్మకాయ కనిపించింది. ‘చేతబడి చేస్తోంది’ అని పుట్టించింది నేనే! నవల చదివినవాణ్ణి కదా, అందరూ నమ్మేశారు. కొన్నాళ్ళకి ఆమె మా అమ్మ దగ్గరికొచ్చి, “పోరగాండ్లు నన్ను జూసి ఎందుకు ఉరుకుతున్నరు బిడ్డా?” అనడిగింది. అమ్మ నా వంక చూసింది. నేను పుస్తకంలో తల దూర్చేశాను.

డిగ్రీలో రంగనాయకమ్మ గారి ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ చేతికొచ్చింది. నా అభిమాన నవలని ఇలా తిడతారా అని కోపంగానే తెరిచాను. మూఢనమ్మకాల మాట వచ్చిన చోటల్లా జామకాయలే గుర్తొచ్చాయి. అయినా ‘తులసిదళం’ మీద మోజు పోలేదు. ఏం చేయను?

ఇప్పుడు దెయ్యం కథలు రాసి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నాను. నా కథల్లో పాడుబడ్డ బంగళాలుంటాయి, ఆగిపోయిన లిఫ్టులుంటాయి. మంత్రగత్తె ముసలమ్మ మాత్రం ఉండదు. వచ్చే నెలకి చేతబడి కథే కావాలని ఓ ఎడిటరు గారు పట్టుబట్టారు. ఇంకా మొదలుపెట్టలేదు.