చూడని సరుకు – అమ్మినవాని బాధ్యత

కొల్లేటి నీటిలో ఈదే చేపను పట్టకమునుపే అమ్మరాదని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. మండవల్లి ప్రాంతం వారికి ఈ నియమం విడమరచి చెప్పనక్కరలేదు. కాని చేతిలోని ఫోనునే దుకాణంగా చేసుకున్న నేటి యువకునికి ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతున్నది. అతనికి గోదాము లేదు. వచ్చిన ఆర్డరును దూరాన ఉన్న సరఫరాదారునికి పంపుతాడు. సరుకు అక్కడినుండే కొన్నవారి ఇంటికి చేరుతుంది. ధరలోని తేడా ఇతని లాభం. దీనిని డ్రాప్‌షిప్పింగ్ అంటున్నారు. ఆ సరుకు ప్రసిద్ధ కంపెనీ పేరు తగిలించిన నకిలీ బూటయితే, “నేను దానిని ముట్టనైనా లేదు” అన్న జవాబు చెల్లుతుందా?

చెల్లదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 29వ సెక్షను ప్రకారం, ఆ గుర్తుగల సరుకును అమ్మకానికి చూపడమే గుర్తును వాడినట్లు. యజమాని దావా వేస్తే న్యాయస్థానం అమ్మకాన్ని నిలిపివేయవచ్చు, నష్టపరిహారం ఇప్పించవచ్చు. 104వ సెక్షను క్రింద 6 నెలలనుండి 3 సంవత్సరాల జైలు, 50 వేలనుండి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. తగు జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ, అనుమానానికి కారణం కనబడలేదనీ, అడిగినప్పుడు సరుకిచ్చినవాని వివరాలు చెప్పాననీ, లేదా మరోవిధంగా నిర్దోషిగా వ్యవహరించాననీ ముద్దాయి ఋజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. పదివేల రూపాయల బూటు ఆరువందలకు దొరికినప్పుడు అనుమానం రాలేదంటే నమ్మేదెవరు?

“నేను మధ్యవర్తిని మాత్రమే” అనే వాదమూ బలహీనమే. సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షను మధ్యవర్తులకు కొంత రక్షణ ఇస్తుంది. అయితే అమ్మకంలో చురుకైన పాత్ర వహించే వెబ్‌సైటుకు ఆ రక్షణ దానంతటదే లభించదని లూబుటాన్ పాదరక్షల కేసులో ఢిల్లీ హైకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ధర తానే నిర్ణయించి, డబ్బు తానే పుచ్చుకునేవాడు మధ్యవర్తి ఎలా అవుతాడు?

నష్టపోయేది పెద్ద కంపెనీలే అనుకోరాదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక సూచికగా నమోదు లభించింది. యంత్రంపై అల్లిన లేసును ఆ పేరుతో అమ్మితే, దెబ్బ తినేది ఇంటి అరుగుమీద కూర్చుని చేతితో అల్లే స్త్రీల కూలి.

ఇక షరీఅత్ విషయం. తన వద్ద లేని దానిని అమ్మవద్దని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)ను వారించారు. కనుక ఈ వ్యాపారం చేయదలచినవారికి పండితులు ముఖ్యంగా రెండు పద్ధతులు చూపుతారు. మొదటిది సలమ్: సరుకు వివరాలు, గడువు నిర్ణయించి, వెల మొత్తం ముందే తీసుకుని, ఆ సరుకు అప్పగించే బాధ్యతను అమ్మకందారు తనపై వేసుకోవడం. రెండవది వకాలత్: సరఫరాదారుని ప్రతినిధిగా, నిర్ణీత కమీషనుపై పనిచేయడం. నకిలీ సరుకుకు ఈ రెండూ వర్తించవు. వాణిజ్య నామం, ట్రేడ్ మార్కు యజమానుల హక్కులేననీ, వాటిని అతిక్రమించరాదనీ అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో తీర్మానించింది.

కనుక సరఫరాదారునినుండి కంపెనీ అనుమతి పత్రం, బిల్లు ముందే తెప్పించుకోవాలి. ఒక నమూనా కొని కంటితో చూడాలి. నకిలీ అని తెలిసిన రోజునే ప్రకటన తీసివేసి, కొన్నవారి డబ్బు తిరిగి ఇచ్చివేయాలి.