780 కిలోమీటర్ల మొక్కు!

వెయ్యేళ్లుగా యాత్రికులు నడుస్తున్న దారి అది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి స్పెయిన్‌లోని శాంటియాగో దాకా నెల రోజులకు పైగా నడక. భక్తి ఒక్కటే ఉంటే సరిపోదు... ముందుచూపూ కావాలి.

పూర్వం ఆ యాత్రకు బయల్దేరేవాళ్లలో చాలామంది ముందు చేసే పని... వీలునామా రాయడం! అప్పులు తీర్చి, అయినవాళ్లకు అప్పగింతలు చెప్పి, చేతికర్ర పట్టుకుని గడప దాటేవారు. తిరిగొస్తామన్న నమ్మకం ఉండేది కాదు మరి. దారిలో దొంగలు, జబ్బులు, మంచు కొండలు. అన్నీ దాటి చేరినా, మళ్లీ అంత దూరమూ నడిచే రావాలి.

ఇప్పుడు వీలునామా అక్కర్లేదు. సన్నాహాలు మాత్రం తప్పవు. క్రీస్తు శిష్యుడైన యాకోబు సమాధి ఉందని విశ్వాసులు నమ్మే శాంటియాగో డి కంపోస్టెలాకు చేసే ఈ యాత్రనే 'కమీనో' అంటారు. సమాధి బయటపడిందన్న వార్తతో 9వ శతాబ్దంలో మొదలైంది. దారిలో ఏ నది నీళ్లు తాగొచ్చో, ఏవి ముట్టుకోకూడదో చెబుతూ 12వ శతాబ్దంలోనే లాటిన్‌లో ఓ గ్రంథం వచ్చిందంటే... ప్రణాళిక అవసరం ఆనాడే తెలిసిందన్నమాట. 2024లో దాదాపు 5 లక్షల మంది యాత్ర పూర్తిచేసినట్టు ధ్రువపత్రం అందుకున్నారు.

ఏ దారి? ఎన్ని రోజులు?

శాంటియాగోకు దారులు చాలానే ఉన్నాయి. ఎక్కువమంది నడిచేది 'ఫ్రెంచి దారి'. ఫ్రాన్స్‌లోని సెయింట్ జీన్ పియె ద పోర్ నుంచి సుమారు 780 కిలోమీటర్లు. ఇంచుమించు తిరుపతి నుంచి విశాఖపట్నానికి నడిచినట్టు! రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున లెక్కేస్తే 31 రోజులు. కానీ కాళ్లు లెక్కలు వినవు. అందుకే 35 రోజులకు తక్కువ కాకుండా చూసుకోవాలంటారు అనుభవజ్ఞులు.

అంత సెలవు దొరకనివాళ్లకూ ఓ దారుంది. ధ్రువపత్రం కోసం చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు. సైకిల్ మీదైతే 200. అందుకే చాలామంది సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని సారియా నుంచి మొదలుపెడతారు. యాత్రికుల పుస్తకంలో బస చేసిన చోటల్లా ముద్ర వేయించుకోవాలి. చివరి 100 కిలోమీటర్లలో రోజుకు రెండు ముద్రలు తప్పనిసరి.

ఎప్పుడు వెళ్లాలి?

జులై, ఆగస్టుల్లో ఎండా ఎక్కువే, రద్దీ కూడా ఎక్కువే. నవంబరు నుంచి మార్చి దాకా పిరనీస్ పర్వతాల మీది పైదారిని మూసేస్తారు. వసంతకాలం లేదా సెప్టెంబరు, అక్టోబరు నెలలు మేలు. యాకోబు పండుగ అయిన జులై 25 ఆదివారం వస్తే ఆ ఏడాదిని పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు. 2021 తర్వాత అలాంటిది మళ్లీ 2027లోనే. అప్పుడు జనం మరింత ఎక్కువ!

మన దేశం నుంచి వెళ్లేవారికి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. చిక్కేంటంటే, వీసాకు బస ఎక్కడో చూపాలి. దారిలోని మున్సిపల్ సత్రాల్లోనేమో సాధారణంగా ముందస్తు బుకింగ్ ఉండదు. ముందొచ్చినవారికే మంచం. అదీ ఒక్క రాత్రికే. కాబట్టి బుకింగ్ తీసుకునే ప్రైవేటు బసలను ముందే చూసిపెట్టుకోవాలి.

సంచిలో ఏం వద్దు?

ఏం తీసుకెళ్లాలన్నది కాదు... ఏం వదిలెయ్యాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. సంచి బరువు మన బరువులో పదో వంతు దాటకూడదు. అరవై కిలోల మనిషికి ఆరు కిలోలు. రెండు మూడు జతల బట్టలు చాలు. సాయంత్రం ఉతికి ఆరేసుకోవడమే!

బూట్లు కొత్తవి వద్దు. నడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి కాబట్టి కాస్త వదులుగా ఉండేవి కొని, నెలల ముందు నుంచే వాటితో నడవాలి... అదీ సంచి తగిలించుకుని. ఎందుకంటే మొదటిరోజే పరీక్ష. సుమారు 25 కిలోమీటర్ల నడకలో, 200 మీటర్లలోపు ఎత్తు నుంచి 1,400 మీటర్లు దాటి ఎక్కాలి.

ఒక్క బరువుకు మాత్రం మినహాయింపు. చాలామంది ఇంటి నుంచి చిన్న రాయి తెచ్చుకుంటారు. కొండ మీదున్న ఇనుప శిలువ పాదాల దగ్గర దాన్ని వదిలేస్తారు. మనసులోని భారం అక్కడ దిగిపోతుందని నమ్మకం.

చేరలేకపోతే?

ప్రణాళికలో అందరూ మర్చిపోయే ప్రశ్న ఇదే. బొబ్బలు, మోకాళ్ల నొప్పులు ఎవరినీ వదలవు. పదిరోజులకో విశ్రాంతి రోజు పెట్టుకోవాలి. అవసరమైతే సంచిని తర్వాతి మజిలీకి చేర్చే సేవలున్నాయి. నామోషీ పడక్కర్లేదు.

శాంటియాగో ఇంకా 180 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉందనగా విల్లాఫ్రాంకా అనే ఊరొస్తుంది. అక్కడి పాత చర్చికి 'క్షమాపణ ద్వారం' ఉంది. జబ్బుపడి ఇక అడుగు వేయలేని యాత్రికులు ఆ ద్వారం దాకా వస్తే చాలు, శాంటియాగో చేరినంత పుణ్యం దక్కినట్టేనని మధ్యయుగాల్లోనే నిర్ణయించారు.

అందుకే పెద్దలు చెప్పే మాట... తిరుగు టికెట్ తేదీకి ముందు కొన్ని రోజులు ఖాళీగా ఉంచుకోండి. అప్పటికీ కాళ్లు మొరాయిస్తే ఆగిపోండి. ఆపిన చోటి నుంచే మరో ఏడాది మొదలుపెట్టేవాళ్లు ఎందరో. వెయ్యేళ్లుగా ఉన్న దారి... ఎక్కడికీ పోదు!