పనిచోట ఆరోగ్యం, భద్రత: నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న పట్టణం బీర్‌గావ్. దాని పక్కనే ఉర్లా పారిశ్రామికవాడ, ఇంకాస్త ముందుకు వెళితే సిల్తరా. స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలు ఈ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెలవారితో పాటు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఇక్కడ పనిచేస్తుంటారు.

ఇలాంటి చోట కొత్తగా పనికి కుదిరినవారికి సలహాలకు కొదవ ఉండదు. "షిఫ్టు దిగాక బెల్లం ముక్క తిను, లోపలి దుమ్మంతా పోతుంది" అంటారొకరు. "గ్యాస్ వస్తే ముఖానికి తడిగుడ్డ కట్టుకో" అంటారు ఇంకొకరు. "మాస్కు పెట్టుకుంటే ఏమీ కాదు" అని మరొకరు ధైర్యం చెబుతారు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ కొలిమి దగ్గర నిలబడేవారికి సగం నిజం కూడా ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి ఒక మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది తేల్చుకోవడం కూడా పనిచోట భద్రతలో భాగమే.

బెల్లం మాట ఎంతవరకు నిజం?

దుమ్ములో పనిచేసేవారు బెల్లం తినే అలవాటు మన దేశంలో చాలాచోట్ల ఉంది. దీని మీద పరిశోధన కూడా జరిగింది. లక్నోలోని పారిశ్రామిక విషశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఎలుకల శ్వాసనాళంలోకి బొగ్గు, సిలికా ధూళి పంపి, తర్వాత కొన్నింటికి 90 రోజుల పాటు బెల్లం ఇచ్చి చూశారు. బెల్లం తిన్న ఎలుకల్లో బొగ్గు రేణువులు ఊపిరితిత్తుల నుంచి లింఫ్ గ్రంథుల వైపు ఎక్కువగా కదిలినట్లు గమనించారు. ఆ పరిశోధన పత్రం 1994లో వెలువడింది.

అంటే ఆ మాట పూర్తిగా కల్పితం కాదు. అయితే ఆ ప్రయోగం జరిగింది ఎలుకల మీద. వాటికి ధూళి ఎక్కించింది ఒక్కసారి మాత్రమే. కార్మికుడు మాత్రం రోజూ 8 గంటలు, ఏళ్ల తరబడి ఆ ధూళి పీలుస్తాడు. బెల్లం తింటే మనుషులకు సిలికోసిస్ రాదని ఆ ప్రయోగం చెప్పలేదు. చిన్న ప్రయోగంలో కనిపించిన సూచన నోటి మాటగా షెడ్డుకు చేరేసరికి హామీగా మారిపోయింది. ఏ సమాచారాన్నయినా పరీక్షించడానికి ఇదే దారి: ఎవరు చెప్పారు? ఎవరి మీద పరీక్షించారు? ఎప్పుడు? అందులో తేలింది ఎంత, మనం దానికి కలిపింది ఎంత?

మొదట చూడాల్సింది సరుకుతో వచ్చే పత్రం

నమ్మదగిన సమాచారం కోసం వెతుకులాట ఇంటర్నెట్‌తో మొదలుపెట్టనక్కర్లేదు. కర్మాగారానికి వచ్చే ప్రమాదకర పదార్థాలకు సాధారణంగా సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. చాలామంది దీన్ని పాత పేరుతో ఎంఎస్‌డీఎస్ అంటారు. అంతర్జాతీయ పద్ధతి ప్రకారం ఇందులో 16 భాగాలుంటాయి. కార్మికుడికి వెంటనే పనికొచ్చేవి నాలుగు: ప్రమాదం ఏమిటో చెప్పే 2వ భాగం, ప్రథమ చికిత్స చెప్పే 4వ భాగం, ఒలికినా కారినా ఏం చేయాలో చెప్పే 6వ భాగం, గాలిలో ఎంత వరకు ఉండవచ్చు, ఎలాంటి మాస్కు, తొడుగులు వాడాలి అని చెప్పే 8వ భాగం.

ఇండక్షన్ ఫర్నేసు లోపలి గోడకు పూతగా వాడే ర్యామింగ్ మాస్ సంగతి చూద్దాం. సాధారణంగా ఇది క్వార్ట్జ్ పొడి, అంటే దాదాపు అంతా సిలికాయే. చూడటానికి తెల్లటి ఇసుకలా ఉంటుంది. సంచి విప్పి పోసేటప్పుడు, పాత పూత పగలగొట్టేటప్పుడు లేచే ధూళిలో కంటికి కనిపించని రేణువులే ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరతాయి. అవి అక్కడ మచ్చలు కట్టడమే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు, రాకుండా చూసుకోవడమే మార్గం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

పత్రం తయారుచేసేది సరుకు అమ్మేవారు. కాబట్టి అందులో రాసినదాన్ని వారితో సంబంధం లేని మరో ఆధారంతో పోల్చుకోవడం మంచిది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తయారుచేసే అంతర్జాతీయ రసాయన భద్రతా కార్డులు ఇందుకు బాగా పనికొస్తాయి. ఒక్కో పదార్థానికి ఒక్కో కార్డు, అన్నీ ఉచితం. వివిధ దేశాల నిపుణులు పరిశీలించాకే వాటిని విడుదల చేస్తారు. లోతుగా చదవాలనుకునే వారికి అంతర్జాతీయ కార్మిక సంస్థ వెలువరించిన వృత్తి ఆరోగ్య, భద్రతా విజ్ఞాన సర్వస్వం ఉంది. దాని నాలుగో కూర్పు 1998 నాటిది. ప్రాథమిక విషయాలకు అది నేటికీ మంచి ఆధారమే, తాజా పరిమితుల అంకెలకు మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

వాసన లేని గ్యాస్

స్పాంజ్ ఐరన్ బట్టీలో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తారు. బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, ఇనుము మిగులుతుంది. మనిషి రక్తంలోనూ ఆక్సిజన్‌కు అడ్డుపడేది ఇదే వాయువు. హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దీని తొలి లక్షణాలు. ఎండాకాలంలో వీటిని వడదెబ్బ అనుకునే ప్రమాదం ఉంది.

రాయ్‌పూర్‌కు పడమరన ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో 2014 జూన్ 12న నీటి పంపుహౌస్ ప్రాంతంలోకి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ చేరి 6 మంది మరణించారు. వారిలో సీనియర్ అధికారులు కూడా ఉన్నారు. పదవి గానీ ముక్కు గానీ ఈ వాయువును పసిగట్టలేవు, గ్యాస్ డిటెక్టర్ ఒక్కటే పసిగట్టగలదు.

తడిగుడ్డ సలహా సంగతి ఇక్కడే తేలిపోతుంది. అమ్మోనియా లాంటి కొన్ని వాయువులు నీటిలో బాగా కరుగుతాయి. తప్పించుకుని బయటికి పరుగెత్తే కాస్త సమయంలో తడిగుడ్డ వాటిని కొంతవరకు ఆపవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ నీటిలో కరగదనే చెప్పాలి. ధూళి మాస్కూ దాన్ని ఆపలేదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9473 ప్రకారం తయారైన మాస్కు రేణువుల కోసమే ఉద్దేశించినది. పడిపోయిన మనిషిని లాగడానికి లోపలికి వెళ్లేవారికి స్వచ్ఛమైన గాలి అందించే శ్వాస పరికరం తప్పనిసరి. అది లేకుండా వెళితే కాపాడబోయినవారూ పడిపోతారు.

ఒకే వాయువు, వేర్వేరు అంకెలు

ఆధారాలు వెతికేవారిని కలవరపెట్టేది అంకెల తేడా. 8 గంటల పనిలో సగటున పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రతి 10 లక్షల భాగాలకు 50 భాగాలు దాటకూడదని మన 1948 కర్మాగారాల చట్టం రెండో షెడ్యూలు చెప్పింది. అమెరికా భద్రతా చట్టాలను అమలుచేసే ఓషా అంకె కూడా 50. అక్కడి పరిశోధన సంస్థ నియోష్ మాత్రం 35 అంటుంది. పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ 25 చాలంటుంది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. చట్టంలోని అంకె అమలు చేయించడానికి పెట్టినది, దాటితే నేరం. పరిశోధన సంస్థలు ఆరోగ్యం వైపు నుంచి చూసి సిఫార్సు చేస్తాయి. కొత్త ఆధారాలు దొరికితే చట్టాలూ మారతాయి. సిలికా ధూళి పరిమితిని ఓషా 2016లో ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములకు తగ్గించింది. అందుకే అంకె కనిపించిన ప్రతిచోటా అది ఎవరిది, ఏ సంవత్సరం నాటిది, ఎన్ని గంటలకు వర్తిస్తుంది అన్నవి చూడాలి. ఇవేవీ లేకుండా వాట్సాప్‌లో తిరిగే అంకెకు విలువ లేదు.

చట్టం విషయంలో తేదీ మరీ ముఖ్యం

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించి, తమ ఆరోగ్య భద్రతలకు సంబంధించిన సమాచారం యాజమాన్యం నుంచి పొందే హక్కును కార్మికులకు 111ఎ సెక్షన్ ద్వారా ఇచ్చారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. ఇది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. సమాచారం పొందే హక్కు ఈ కోడ్‌లోని 14వ సెక్షన్‌లో కొనసాగుతోంది. సిలికోసిస్ లాంటి వృత్తి వ్యాధుల జాబితా మూడో షెడ్యూలులో ఉంది. పాత సెక్షన్ల నంబర్లతో ఉన్న పుస్తకాలు, గోడపత్రాలు ఇంకా చాలా కనిపిస్తాయి. వాటిని వాడేముందు కొత్త కోడ్‌తో సరిచూసుకోవాలి.

ఎవరిని అడగాలి?

కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ కింద పనిచేసే డీజీఫాస్లీ కర్మాగారాల భద్రతపై సాంకేతిక సలహా ఇచ్చే సంస్థ. ముంబైలోని కేంద్ర కార్మిక సంస్థ, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలోని ప్రాంతీయ సంస్థలు దీనివే. వృత్తి వ్యాధుల పరిశోధనకు అహ్మదాబాద్‌లో ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. 1966 మార్చి 4న ఏర్పడిన జాతీయ భద్రతా మండలి శిక్షణ, ప్రచార సామగ్రి అందిస్తుంది. ఫిర్యాదుకు, తనిఖీకి మాత్రం రాష్ట్ర ప్రభుత్వ శాఖ దగ్గరికే వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్‌లో అది పారిశ్రామిక ఆరోగ్య భద్రతా విభాగం, తెలుగు రాష్ట్రాల్లో కర్మాగారాల శాఖ.

అయితే రెండు ప్రశ్నలకు ఏ వెబ్‌సైటూ, ఏ పుస్తకమూ జవాబు చెప్పలేవు. మొదటిది, ఈ షెడ్డులో, ఈ చోట, ఈ రోజు గాలిలో ఎంత ధూళి ఉంది? కార్మికుడి చొక్కాకు చిన్న పంపు తగిలించి, అతడు పీల్చే గాలి నుంచే నమూనా తీసి కొలిస్తేనే అది తెలుస్తుంది. రెండోది, ఆ ధూళి ఈ మనిషి ఊపిరితిత్తులను ఎంత దెబ్బతీసింది? ఛాతీ ఎక్స్‌రే, శ్వాస పరీక్ష ద్వారానే అది తెలుస్తుంది. సిలికోసిస్‌ను క్షయగా పొరబడే అవకాశం ఉంది, సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువే. అందుకే దగ్గుతో ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్లినవారు ఏ పని చేస్తున్నారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో డాక్టరు అడగకపోయినా తామే చెప్పాలి.

షిఫ్టు దిగాక బెల్లం ముక్క తినడంలో తప్పేమీ లేదు. అది తిన్నాం కదా అని గాలిని కొలవమని అడగడం మానేయకూడదు. షెడ్డులో కొలిచిన అంకె, సరుకుతో వచ్చిన పత్రం, అమల్లో ఉన్న చట్టం: ఈ మూడూ కార్మికుడు అడిగి తెలుసుకోగలిగినవే.