ఒకే సినిమా... చైనాలో క్లైమాక్స్ వేరే!

1999లో డేవిడ్ ఫించర్ తీసిన ‘ఫైట్ క్లబ్’ గురించి మాట్లాడుకుందాం. స్పాయిలర్ ఉంది, చూడనివాళ్లు జాగ్రత్త!

చివర్లో హీరో, హీరోయిన్ చెయ్యి పట్టుకుని నిలబడితే ఎదురుగా బిల్డింగులు కూలిపోతాయి కదా? 2022లో చైనాలో టెన్సెంట్ వీడియోలో పెట్టిన వెర్షన్‌లో అసలు ఆ సీనే లేదు! బదులుగా స్క్రీన్ మీద నాలుగు ముక్కలు: పోలీసులు ప్లాన్ పసిగట్టి అందర్నీ పట్టుకున్నారు, బాంబు పేలలేదు, టైలర్‌ని పిచ్చాసుపత్రికి పంపారు. అంటే కథలో గెలిచింది పోలీసులన్నమాట! జనం గోల చేశాక, కొద్ది వారాల్లోనే పాత క్లైమాక్స్ తిరిగి పెట్టారు.

మరి మన దగ్గర? 2023లో థియేటర్లకొచ్చిన ‘ఓపెన్‌హైమర్’లో ఫ్లోరెన్స్ పగ్ ఒంటిమీద కంప్యూటర్‌తో నల్ల డ్రెస్ వేశారు. సీన్ కత్తిరిస్తే నిడివి తగ్గుతుంది, రన్‌టైమ్ పోల్చి పట్టేయొచ్చు. ఇలా డ్రెస్ గీస్తే? నిడివి మారదు, మనకి తెలియనే తెలియదు. నాకు కత్తెర కంటే ఇదే ఎక్కువ భయం.