మాత్ర మింగినా రక్తం పట్టదేం?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాటలు వినిపించడం కొత్తేమీ కాదు. తెలంగాణ నుంచి మరమగ్గాల పని కోసం వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ ఉంటున్నాయి. మగవాళ్లు పన్నెండు గంటల షిఫ్టుల్లో మగ్గాలు నడుపుతుంటే, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు చాలామంది చీరలకు రాళ్లు అతికించడం, దారాలు కత్తిరించడం వంటి పనులు పీసు లెక్కన చేస్తుంటారు.

ఇలాంటి మహిళలను వేధించే ప్రధాన సమస్య రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల భారతీయ మహిళల్లో రక్తహీనత ఉన్నవారు 2015–16లో 53 శాతం. 2019–21 నాటికి ఇది 57 శాతానికి చేరింది. గుజరాత్‌లో 65 శాతం. గర్భిణులకు 180 రోజుల పాటు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చే కార్యక్రమం ఉన్నా పరిస్థితి ఎందుకు మారడం లేదు?

సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రం ఈ ప్రశ్నను వేరే కోణంలో చూస్తుంది. ఇక్కడ కారణం, ఫలితం గీతలా కాక వలయంలా ఉంటాయి. రక్తం తక్కువైతే అలసట. అలసిపోతే పీసులు తగ్గుతాయి, ఆదాయం తగ్గుతుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు తగ్గి రక్తం ఇంకా పలచబడుతుంది.

ఒంట్లోనూ ఇలాంటి లంకెలున్నాయి. ఇన్ఫెక్షన్ సోకితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. పేగుల నుంచి ఇనుము రక్తంలోకి చేరకుండా అది అడ్డుకుంటుంది. అంటే వీధిలోని మురుగు, తాగే నీరు కూడా మాత్ర ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి. భోజనంతో పాటు టీ తాగినా ఇనుము సరిగా అందదు.

వలస మరో లంకె. సూరత్‌లో పరీక్షలు చేయించుకుని కాన్పుకు పుట్టింటికి వెళ్తే, రికార్డు అక్కడి డాక్టరుకు చేరాలి. లేకపోతే రక్తహీనత సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. కాన్పులో రక్తస్రావమైతే అలాంటి తల్లికి ప్రాణాపాయం ఎక్కువ.

వలయం కాబట్టే దాన్ని ఒకటికి మించిన చోట్ల తెంచవచ్చు. సూరత్‌కు ఇది తెలిసిన పాఠమే. 1994లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. నగరాన్ని మార్చింది మాత్రం తర్వాత జరిగిన పని. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు జోన్ల అధికారులకు అధికారాలు అప్పగించి, రోజూ వీధుల్లోకి పంపారు. చెత్త, మురుగు, తనిఖీ, జవాబుదారీతనం ఒకేసారి కదిలాయి.

రక్తహీనతకూ అదే దారి. మాత్రతో పాటు ఇన్ఫెక్షన్లకు, నులిపురుగులకు చికిత్స, టీకి భోజనానికి మధ్య ఎడం, సురక్షిత నీరు, తెలుగులో సలహా, ఊరు మారినా వెంట వచ్చే ఆరోగ్య కార్డు కావాలి. ఇవన్నీ కలిస్తేనే మాత్రకు పూర్తి బలం.